రాంగెల్ చేతి దారం

సోఫియా నగరం చివర మా సినిమా స్టూడియోలో రాంగెల్‌ది మోసే పని. కళ్లకు పెట్టె తగిలించుకుని వీడియో గేములోకి వెళ్లి, అక్కడే చిక్కుకుపోయిన కుటుంబం కథ ఇప్పుడు తీస్తున్నారు. అందులో చిన్నపిల్ల గాల్లో ఎగరాలంటే, తలనుంచి కాలిదాకా ఆకుపచ్చ తొడుగు వేసుకున్న రాంగెల్ ఆమెను ఎత్తుకుని పరుగెత్తాలి. తర్వాత కంప్యూటర్‌లో అతన్ని చెరిపేస్తారు. పిల్లను దించి, మోకాళ్లు పట్టుకుని కాసేపు వంగుతాడు. పిలవగానే మళ్లీ లేస్తాడు.

మార్చిలో అందరం చేతికి ఎరుపు తెలుపు దారం కట్టుకుంటాం. వలస నుంచి తిరిగొచ్చిన కొంగనో, పూసిన చెట్టునో చూసేదాకా విప్పం. ముందే విప్పితే కట్టినవాళ్లకు కీడని రాంగెల్ భయం. అతనికి కట్టింది భార్య. ఇవాళ ఆమెకు గుండె ఆపరేషన్. చేయి చాచినప్పుడల్లా ఆ దారం తొడుగులోంచి బయటపడి కెమెరాకు కనిపిస్తోంది. పైన ఆకుపచ్చ టేపు చుట్టినా పరుగులో ఊడిపోతోంది.

"కత్తిరించెయ్యనా, రాంగెల్ బాబాయ్?" అంది బట్టలు చూసే దెసిస్లావా.

"ఇవాళొక్కరోజు వదిలెయ్యమ్మా."

"డైరెక్టర్ నా మీద అరుస్తున్నాడు. అయినా సినిమాలో బోలెడు కొంగలు ఎగురుతాయిగా, వాటిని చూశాననుకో."

రాంగెల్ తలెత్తి చూశాడు. పైకప్పు దాకా ఆకుపచ్చ గుడ్డే.

"అవెప్పుడొస్తాయి?"

"చలికాలంలో. కంప్యూటర్‌లో పెడతారు."

రాంగెల్ మొహం పక్కకు తిప్పుకుని, దారమున్న చేయి ఆమె కత్తెర వైపు చాచాడు.