కొబ్బరి పీచు ప్యాడ్లు

మంచు మీద ఆడే హాకీ గురించి అమలాపురం చుట్టుపక్కల నాకంటే ఎక్కువ తెలిసినవాడు ఎవడైనా ఉంటే చూపించండి, వాడికి నా సైకిలు ఇచ్చేస్తాను. మంచును నేను చూసింది రొయ్యల పెట్టెల్లో, సోడాబండి మీద మాత్రమే. అయినా అమెరికాలో కాలేజీ పిల్లలు దాని మీద జారుకుంటూ ఆడే పోటీలు, ఓడినవాళ్లు ఇంటికీ గెలిచినవాళ్లు పై ఆటకీ వెళ్లే రకం, మొదటి నుంచి చివరిదాకా చూశాను. అదీ పీచు ఫ్యాక్టరీలో, టీ టైములో, అద్దం పగిలిన ఫోనులో. చుట్టూ మరో ఆరుగురు పనివాళ్లు, కనుబొమ్మల మీద కూడా పీచు దుమ్ముతో. ఆ ఆటగాళ్లు కర్రలతో కొట్టేది బంతిని కాదని, నల్లటి బిళ్లనని మాకు మూడో రోజుకి గానీ తెలియలేదు.

నేను చూసింది ఆటను కాదు లెండి. గోలు ముందు నిలబడినవాడి కాళ్లను.

చెల్లి అప్పుడు డిగ్రీ రెండో ఏడు. బడికీ నాకూ ఎనిమిదో తరగతిలోనే విడాకులైపోయాయి కాబట్టి, మా ఇంట్లో చదువు వాటా మొత్తం దానికే వచ్చింది. కాలేజీ ఆడపిల్లల హాకీ జట్టులో అది గోల్‌కీపరు. మంచు మీద కాదు, మామూలు గడ్డి మీద ఆడే హాకీయే. "నిన్నే ఎందుకు నిలబెట్టేరే అక్కడ?" అని అడిగితే, "బంతొస్తే మిగతావాళ్లు పక్కకి తప్పుకున్నారు. నేను తప్పుకోలేదు" అంది. అంతే, ఆటలు నేర్పే పీడీ గారు దాన్ని గోల్లో పాతేశారు.

కాలేజీకి గోల్‌కీపరు ప్యాడ్లు లేవు. క్రికెట్ ప్యాడ్లే కట్టుకునేది. అవి పాదాల దాకా రావు. బంతి తగిలి రెండు పాదాలూ వంకాయల్లా వాచేవి. అమ్మ ఉప్పు కాపడం పెడుతూ ప్రార్థన చేసేది.

"ప్రభువా, ఆ బంతిని వేరే పిల్ల మీదికి పంపించు తండ్రీ!"

"అమ్మా, నేను గోల్‌కీపర్ని. నా మీదికే రావాలి."

అమ్మ కాస్త ఆలోచించి, "అయితే మెల్లగా పంపించు తండ్రీ" అనేది.

ఆ ఏడు చెల్లి వాళ్ల కాలేజీ మైదానంలోనే కాలేజీల పోటీలు పెట్టారు. సెమీఫైనలుకు నాలుగు జట్లు మిగిలాయి, అందులో మాదొకటి. ఫైనలుకు చేరిన రెండు జట్ల పిల్లల్నే యూనివర్సిటీ టీముకి చూస్తారట. యూనివర్సిటీకి ఆడిన సర్టిఫికెట్ ఉంటే వ్యాయామం టీచరు ట్రైనింగులో సీటు వస్తుందట. చెల్లికి కావలసింది ఆ సీటే. అంటే ఇంకొక్క ఆట గెలవాలి. ఆ వాచిన పాదాలతో.

"వారంలో ప్యాడ్లు నేను చేసిస్తా" అన్నాను.

"నువ్వా?"

"ఏం? పరుపులు చేసే చెయ్యి ప్యాడ్లు చెయ్యలేదా?"

నమూనా కోసం ఫోనులో వెతికితే దొరికింది ఆ మంచు హాకీ. ఆ గోల్‌కీపరు కాళ్లకి కట్టుకున్నవి చూసి మా వాళ్లందరం నోళ్లు తెరిచాం. తొడ నుంచి పాదం దాకా దిండ్లే దిండ్లు. రెండు ఆటలకీ రూల్సు వేరని ఎవరికి తెలుసు? గోనెసంచిలో పీచు దట్టించి, దబ్బనంతో కుట్టి, పైన పాత ఫ్లెక్సీ తొడిగాను. పట్టీలకి సైకిలు ట్యూబు. ఫ్లెక్సీ ఎవరిదో పుట్టినరోజుది. ఎంత తిప్పి కుట్టినా ఎడమ కాలి మీదికి ఒక మీసం వచ్చి కూర్చుంది.

చెల్లి వాటిని కట్టుకుని పెరట్లో నాలుగడుగులు వేసింది. కోళ్లు పారిపోయాయి. నేను నా బలమంతా పెట్టి బంతి కొట్టాను. 'బుస్' మని ఆగింది. "నొప్పి లేదన్నయ్యా!" అంది. ఆ మాట చెప్పినప్పుడు దాని మొహం ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. ఫ్యాక్టరీలో అన్నేళ్లలో నేను చేసిన సరుకు చూసి ఎవరూ అలా నవ్వలేదు.

సెమీఫైనలు పొద్దున్న అంపైరు గారు ఆ ప్యాడ్ల చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు.

"ఏవండీ, ఇవేంటండీ?"

"ఆయ్, ప్యాడ్లండి. కొబ్బరి పీచండి."

"ఈ మీసం ఎవరిదండీ?"

"తెలీదండి. మంచాయనే అయ్యుంటారండి."

ఆయన నవ్వారు గానీ టేపు తీశారు. ప్యాడు ఇంత వెడల్పు దాటకూడదని రూలట. నావి రెండూ నాలుగు వేళ్లు ఎక్కువున్నాయి. "అయిదు నిమిషాలిస్తానండి. తగ్గిస్తే ఆడనిస్తాను, లేకపోతే కుదరదండి" అన్నారు చాలా మర్యాదగా. మా వైపు ఉరిశిక్ష వేసినా అండీ అనే వేస్తారు.

జామకాయల బండి ఆవిడ దగ్గర కత్తి అడిగి తెచ్చాను. కోస్తే పీచు జుట్టులా లేచింది. లోపలికి కుక్కి, దబ్బనం పట్టాను. జీవితంలో మొదటిసారి నా నోట జోకు రాలేదు. ఎడమది కుట్టాను. కుడిది సగం కుట్టేసరికి ఈల వేశారు. లోపలి అంచున, మోకాలి కింద, జానెడు మేర నోరు తెరుచుకునే ఉంది. దాని మీదికి ట్యూబు పట్టీ లాగి కట్టేశాను.

"అయిపోయిందా?" అంది చెల్లి.

"ఆ."

"ఊడదుగా?"

"ఊడదే. వెళ్లు."

గోలు వెనక వల పట్టుకుని నిలబడ్డాను. ఆట మొత్తం నేను చూసింది ఆ పట్టీనే. మా పిల్లలు మొదట్లోనే ఒక గోలు వేశారు. అక్కణ్ణుంచి అవతలి జట్టు చెల్లి మీద వాన కురిపించింది. 'బుస్', 'బుస్'. బంతి తగిలినప్పుడల్లా పీచు దుమ్ము లేచేది. కొబ్బరి నీళ్ల బండి దగ్గర ఒకాయన, "ఆ పాప కాళ్లు ఇంకో రెండు దెబ్బలకి చాపలైపోతాయండీ" అన్నాడు. మామూలుగా అయితే అంతకంటే మంచి మాట నేనే అనేవాణ్ణి.

ఆట ముగిసేముందు వాళ్లకి పెనాల్టీ స్ట్రోకు ఇచ్చారు. గోల్‌కీపరు పాదాలు గీత మీద పెట్టి నిలబడాలి, ఎదుటి పిల్ల ఒక్కతే వచ్చి కొట్టాలి, మధ్యలో ఎవరూ ఉండరు. ఆ పిల్ల కొట్టింది. చెల్లి కుడి కాలు చాపింది. పట్టీ తెగింది.

బంతి కనిపించలేదు.

అవతలివాళ్లు గోలని ఎగిరారు. వలలో చూస్తే లేదు. బయట చూస్తే లేదు. అంపైరు గారు ఈల నోట్లో పెట్టుకుని ఊదకుండా నిలబడిపోయారు. నాకు మాత్రం కనిపించింది. నేను కుట్టని ఆ నోట్లోంచి, పీచు మధ్య, తెల్లగా.

"కదలకే!" అని అరిచాను. వెనక్కి ఒక్క అడుగు వేస్తే బంతి గీత దాటుతుందని నా భయం.

చెల్లి కొంగలా నిలబడింది. చెయ్యెత్తి, "అండీ, బంతి నా దగ్గరుందండి" అంది.

అంపైరు గారు నేల మీద బోర్లా పడుకుని చూశారు. ఆనిన పాదం గీత మీదే, బంతి గీత దాటనే లేదు. రెండు చేతులతో పీకితే బంతితోపాటు దోసెడు పీచు వచ్చింది. ప్యాడులో ఇరుక్కుంటే స్ట్రోకు అక్కడితో అయిపోయినట్టే, గోలు లేదు అని తేల్చారు. కాసేపటికి ఆట కూడా అయిపోయింది. గెలిచాం.

ఫైనల్లో పీడీ గారు ఎవరి దగ్గరో అడిగి తెచ్చిన అసలు ప్యాడ్లు కట్టుకుని, చెల్లి ఆరు గోల్సు తింది. అయినా యూనివర్సిటీ టీముకి రెండో గోల్‌కీపరుగా తీసుకున్నారు. సర్టిఫికెట్ వచ్చింది. సీటు వచ్చింది.

ఇప్పుడది రాజోలు వైపు ఒక హైస్కూల్లో వ్యాయామం టీచరు. మొన్న వాళ్ల బడికి కొత్త ప్యాడ్లు వచ్చాయి, పట్టీలు సరిచేసి పెట్టమని పిలిచింది. స్పాంజివి, పువ్వంత తేలిక. వాటిమీద మీసం లేదు. చుట్టూ చేరిన ఆడపిల్లలకి చెల్లి నన్ను చూపించి చెప్పింది. "బంతిని పట్టుకోడానికి మా అన్నయ్య ప్యాడుకి జేబు కుట్టేడర్రా!"

"మాకూ కుట్టి పెడతారాండీ?" అంది ఒక పాప.

"ఆయ్, చూద్దామమ్మా" అన్నాను, పెద్ద ఇంజనీరులా.

పిల్లలు వెళ్లాక ఇక దాచడం బాగుండదని, "అది జేబు కాదే. కుట్టడానికి టైము చాల్లేదు" అన్నాను.

"తెలుసు. ఆటంతా మోకాలి కింద పీచు గుచ్చుకుంటూనే ఉంది."

"మరి చెప్పలేదేం?"

"చెబితే అంపైరు ఆపేస్తాడు. పైగా నువ్వు ఏడుస్తావు."

"నేనా ఏడ్చేది?"

"మరి గోలు వెనక వల పట్టుకుని ముక్కు చీదింది ఎవరో?"

"పీచు దుమ్మే అది" అన్నాను.

"ఆయ్" అంది చెల్లి, నమ్మనివాళ్లు అనే పద్ధతిలో. కొత్త ప్యాడు ఒకటి నా ఒళ్లో పడేసి, "ఈ కుట్టు మాత్రం పూర్తిగా వెయ్యి" అంది.