పందొమ్మిది మందీ పడిన ఫొటో

ముందు పోయినవి చెప్తాను. మణికట్టుకు తగిలించుకునే కెమెరా తాడు మొదటి వానాకాలంలోనే పోయింది. సంచులు రెండు పోయాయి. ఒకటి ఎలుకలు కొట్టాయి, ఒకటి బస్సు సీటు మీద మర్చిపోయాను. ఆ రోజు కెమెరా జేబులో ఉండబట్టి బతికిపోయాను. మెమరీ కార్డు ఒకటి చొక్కా జేబులో ఉండిపోయి సర్ఫు నీళ్ళలో నానింది. దాంతో పాటు రెండు వందల పన్నెండు ఫొటోలు పోయాయి, అందులో మా తమ్ముడి ఇంటి గృహప్రవేశం మొత్తం ఉంది. దూరంలో ఉన్నది దగ్గరికి లాగే జూమ్ పోయింది. తెర మీద కుడి పక్క పైమూలన రూపాయి బిళ్ళంత నల్లమచ్చ పడింది, అంత మేర చూపు పోయినట్టే. సెల్లు వేసే అర మూతకు కొక్కెం విరిగింది, రబ్బరు బ్యాండు వేస్తున్నాను. సెల్లు మార్చిన ప్రతిసారీ తేదీ మర్చిపోతుంది. అంటే కొన్ననాడు దాంతో వచ్చిన వాటిలో మిగిలింది కెమెరా ఒక్కటే. అది ఇప్పటికీ ఫొటో తీస్తుంది.

నేను పాశమైలారంలో బట్టల సబ్బు పొడి చేసే ఫ్యాక్టరీలో లారీ కాంటా చూస్తాను. నేలకు కాస్త ఎత్తుగా పెద్ద ఇనుప పలక ఉంటుంది. లారీ దాని మీద నిలబడితే బయట గోడకున్న బోర్డు మీద ఎర్ర అంకెల్లో బరువు పడుతుంది. నా చదువు ఏడో తరగతిలో ఆగింది. నిండు బండి బరువులోంచి ఖాళీ బండి బరువు తీసెయ్యడం దగ్గర మొదలుపెట్టి, శాతాలూ సగటులూ అన్నీ ఆ కాంటా గదిలోనే సొంతంగా నేర్చుకున్నాను.

కెమెరా సంగారెడ్డిలో కొన్నాను. ఒక స్టూడియో ఆయన పెద్ద కెమెరా తెచ్చుకుని, వెండి రంగులో అరచేతిలో ఇమిడే ఈ చిన్నదాన్ని అమ్మకానికి పెట్టాడు. మామూలు పెన్సిల్ సెల్లు రెండు వేస్తే చాలు, నడుస్తుంది. నాకు నచ్చింది అదే. లారీల్లో చినిగి వచ్చిన బస్తాల గురించి డ్రైవర్లకూ ఆఫీసుకూ రోజూ గొడవ అయ్యేది. దింపకముందే ఫొటో తీసి ఉంచితే గొడవ ఉండదని మేనేజరును అడిగి, కెమెరా లోపలికి తెచ్చుకోవడానికి ఒప్పించాను.

ఇంటికి తెచ్చిన రోజు నా భార్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"గీ అగ్గిపెట్టెల మన ఖాన్దాన్ మొత్తం పడ్తదా?"

"పడ్తది. జెర దూరం జరిగి దియ్యాలె."

"నువ్వు దూరం జరిగితె ఇంగ నువ్వెట్ల పడ్తవు?"

ఆమె అన్నట్టే అయింది. నేను తీసిన వేల ఫొటోల్లో నేను ఉన్నవి చేతి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

మొదటి నెలంతా సెల్లు పరీక్షించాను. కిరాణా కొట్టు చవక సెల్లు వేసి ఫ్లాష్ వాడితే పద్నాలుగు ఫొటోలు వచ్చేవి. ఫ్లాష్ ఆపి, తెర కూడా ఆపేసి, పైనున్న చిన్న కిటికీలోంచి ఒంటి కన్నుతో చూసి తీస్తే నలభై దాటేవి. అప్పటి నుంచి అదే నా పద్ధతి. ఇంకో పద్ధతి కూడా పెట్టుకున్నాను. గుంపు ఫొటో అయితే ముందు తలలు లెక్కపెడతాను, లెక్క కుదిరాకే నొక్కుతాను. పెళ్ళిళ్ళలో మావాళ్ళు నన్ను చూసి నవ్వేవాళ్ళు. "పెండ్లి కాడ గూడ కాంటా ఎక్కించినట్టే నిలవెడ్తడు" అని నా భార్య అందరికీ చెప్పేది. చెప్పనీ. నేను తీసిన గుంపు ఫొటో చూసి "అయ్యో, నేను పడలేదే" అన్న మనిషి ఇంతవరకు ఒక్కరూ లేరు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను.

మా ఫ్యాక్టరీలో పొడిని ప్యాకెట్లలో నింపే పని ఆడవాళ్ళది. పందొమ్మిది మంది. కొందరు లక్డారం నుంచి ఆటోలో వచ్చేవాళ్ళు, మిగతావాళ్ళు చుట్టుపక్కల కిరాయి గదుల నుంచి నడిచి వచ్చేవాళ్ళు. సబ్బు పొడి ముక్కులోకి పోతే తుమ్ములు ఆగవు. అందుకని ఇంట్లో బయలుదేరేటప్పుడే ముఖానికి గుడ్డ చుట్టుకునేవాళ్ళు, దారిలో దుమ్ముకు కూడా అది అక్కరకొచ్చేది. మళ్ళీ ఇంటికి పోయాకే విప్పేవాళ్ళు. మధ్యాహ్నం అన్నానికి విప్పినా, షెడ్డు వెనక వాళ్ళలో వాళ్ళు గుండ్రంగా కూర్చుని తినేవాళ్ళు. నేను వాళ్ళను ఏళ్ళ తరబడి చూశాను, కానీ కళ్ళే చూశాను. పచ్చ గుడ్డ ఆమె, పూల గుడ్డ ఆమె, ఎర్ర తువాల ఆమె, ఇలాగే గుర్తు నాకు.

వాళ్ళలో అందరికన్నా పెద్దామె లక్డారం అవ్వ. సన్నగా, పుల్లలా ఉండేది. ఒక రోజు మధ్యాహ్నం నా కాంటా గది కిటికీ దగ్గరికి వచ్చింది.

"కొడుకా, ప్యాకెట్లు నింపే మిషిని వచ్చిందట. రేపటి సంది మమ్ముల రావొద్దన్నడు కాంట్రాక్టరు."

"నేను గూడ ఇన్న అవ్వా."

"ఇన్నేండ్లు ఒక్కకాడ చేసినం. రేపటి సంది ఎవలెక్కడ వోతరో ఏమో. అందరం పడేటట్టు ఒక్క ఫొటో దియ్యి. ఒక్కలు గూడ తక్కువ గావొద్దు."

ఫోను ఉన్నవాళ్ళు వాళ్ళలో ఇద్దరో ముగ్గురో, అవీ కెమెరా లేని బటన్ల ఫోన్లు. మర్నాటి నుంచి వాళ్ళ గేటు పాసులు చెల్లవు. తియ్యాలంటే ఆ సాయంత్రమే.

షిఫ్టు వదిలాక కాంటా ఖాళీగా ఉంది. ఆ ఇనుప పలకే ఎత్తుగా బాగుంటుందని అందరినీ దాని మీద రెండు వరసల్లో నిలబెట్టాను. బోర్డు మీద తొమ్మిది వందల డెబ్బై పడింది.

"అన్నా, గంత మందిమి గలిసి టన్ను గూడ లేమా!" అన్నది అందరికన్నా చిన్నామె.

"నువ్వు జెర దినుంటె అవుతుండె" అన్నారు వెనక నుంచి ఎవరో.

అందరూ నవ్వారు. తలలు లెక్కపెట్టాను. పందొమ్మిది. నొక్కాను. "అయిపోయింది" అన్నాను గట్టిగా. కొంతమంది దిగి గేటు వైపు నడిచారు.

చిన్నామె మాత్రం పరుగెత్తుకొచ్చి తెర చూపించమంది. చూసి పగలబడి నవ్వింది.

"అన్నా, గీ పచ్చ గుడ్డ నాదే. గని నా మొకమేది?"

అప్పుడు చూశాను. పందొమ్మిది తలలూ ఉన్నాయి. పందొమ్మిదికీ ముఖానికి గుడ్డలున్నాయి. విప్పాలని వాళ్ళకూ తోచలేదు, విప్పమనాలని నాకూ తోచలేదు. గుడ్డ లేకుండా వాళ్ళను ఎన్నడూ చూడనివాణ్ణి, నాకు ఆ ఫొటోలో తేడా ఏమీ కనపడలేదు.

"దొంగలముఠా లెక్క ఉన్నమే!" అని ఒకామె తల కొట్టుకుంది. "ఎనకకు రాండ్రే, ఎనకకు రాండ్రి, మొకాలు రాలే!" అని చిన్నామె గేటు వైపు కేకలు పెట్టింది.

వాళ్ళు తిరిగి వస్తుండగానే తెర మీద ఎర్ర గుర్తు వెలిగి కెమెరా ఆరిపోయింది. ఆ రోజు పొద్దున ఒక లారీలో చినిగిన బస్తాలు చాలా ఉండడంతో సెల్లు వాటికే అయిపోయాయి. తీసి చొక్కాకు రుద్ది మళ్ళీ వేశాను. లేవలేదు. దుకాణం అంటే ఇస్నాపూర్ చౌరస్తా దాకా పోవాలి. ఎండ షెడ్డు వెనక్కి దిగిపోతోంది.

నా గదిలో గోడ గడియారం ఉంది. దాంట్లో ఒక పెన్సిల్ సెల్లు. ఇంకొకటి గేటు దగ్గర గడియారంలో. గేటు కాపలా ఆయన గుంటూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడే స్థిరపడ్డ పెద్దమనిషి.

"సార్, మీ గడియారంల సెల్లు జెర ఇయ్యిండ్రి. అయిదే నిమిషాలు."

"గడియారం ఆపేస్తే తర్వాత షిఫ్టు వాళ్ళని నేనెలా లోపలికి పంపాలండీ?"

"టైము జెర మీరే పట్టుకోండ్రి."

"పట్టుకోడానికి అదేమన్నా కోడిపెట్టా!" అంటూనే ఆయన స్టూలెక్కి గడియారం దించాడు.

గడియారంలో ఉన్న పాత సెల్లకు ఎంత బలం ఉంటుందో నాకు తెలుసు. ముల్లు తిప్పడానికి చాలు, లెన్సు బయటికి నెట్టడానికి కష్టం. నా అంచనా ఒక్క ఫొటో. రెండోదానికి ఆశ లేదు. ఫ్లాష్ ఆపేసి, తెర ఆపేసే బటన్ నొక్కడానికి సిద్ధంగా పెట్టుకుని, కెమెరా వెలిగించకుండానే పట్టుకుని కాంటా దగ్గరికొచ్చాను.

వాళ్ళు మళ్ళీ పలక ఎక్కారు. ఈసారి గుడ్డలు విప్పుకున్నారు. నిజం చెప్పాలంటే నేను లెక్క మొదలుపెట్టి మధ్యలో తప్పాను. అన్నీ కొత్త ముఖాలు. ఎవరిని లెక్కపెట్టానో ఎవరిని లేదో తెలియలేదు. అప్పుడు బోర్డు వైపు చూశాను. తొమ్మిది వందల ముప్పై.

నలభై కిలోలు తక్కువ. నలభై కిలోల మనిషి వాళ్ళలో ఒక్కతే.

"అవ్వ ఏది?" అని అరిచాను.

అందరూ పక్కపక్కన చూసుకున్నారు. అవ్వ లేదు. గేటు బయట ఆటో హారను ఆగకుండా మోగుతోంది. లక్డారం వాళ్ళు ఎక్కాల్సిన ఆటో అది. ఇంకో ట్రిప్పు ఉందని ఆటో అతను వెళ్ళిపోతానంటున్నాడు. అంతలో హారను ఆగింది. అవ్వ గేటులోంచి చకచకా నడుచుకుంటూ వస్తోంది. ఆమె వెనక ఆటో అతను.

"అవ్వా, చాబీ ఇయ్యి. నాకు లేటయితున్నది."

"ఇస్త తియ్. నీ ఆటో నేనేమన్న ఎత్కపోతనా? నాకు నడ్పొస్తదా?"

అతను పోకుండా ఆమె తాళంచెవి లాక్కుని వచ్చింది. పిడికిట్లో అలాగే పట్టుకుని పలక ఎక్కి ముందు వరసలో నిలబడింది, ముఖానికి చుట్టుకున్న గుడ్డ మెడ మీదికి లాక్కుంది. బోర్డు మీద తొమ్మిది వందల డెబ్బై పడింది.

కెమెరా వెలిగించాను. లెన్సు ఆగి ఆగి బయటికొచ్చింది. తెర ఆపేశాను. కిటికీలోంచి చూశాను, నొక్కాను. టిక్కుమని చప్పుడైంది, వెంటనే కెమెరా ఆరిపోయింది. లెన్సు బయటే ఉండిపోయింది.

"పడ్డమా?" అంది అవ్వ.

"సెల్లు కొనుక్కొచ్చి చూస్తెగని తెల్వదవ్వా."

"పడకుంటె?"

నేను గడియారాల సెల్లు బయటికి తీశాను. ఆమె తాళంచెవి ఆటో అతని చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

సెల్లు ఒకటి కాపలా ఆయనకిచ్చి, ఒకటి నా గోడ గడియారంలో పెట్టేసి, ఇస్నాపూర్ చౌరస్తా దాకా స్కూటరు మీద పోయాను. కొట్టు బల్ల మీదే కొత్త సెల్లు వేసి చూశాను. ఉంది. పొద్దు వాలే వెలుతురులో రెండు వరసలు. వేలు పెట్టి ఒక్కొక్క ముఖం లెక్కపెట్టాను. పందొమ్మిది. ఒకామె కళ్ళు మూసింది, ఇద్దరు నవ్వుతున్నారు, కొందరికి కనుబొమల మీద తెల్లటి పొడి. ముందు వరసలో అవ్వ, పిడికిలి బిగించి. కొట్టు ఆయన "ఏందన్నా, లాటరీ తగిలిందా?" అన్నాడు. నేను నవ్వుతున్నానని అతను అంటేనే తెలిసింది.

మర్నాడు పొద్దున లక్డారం పోయి అవ్వకు తెర మీద చూపించాను. ఆమె కళ్ళు చిట్లించి చూసింది.

"గీ ముసల్ది ఎవలు?"

"నువ్వే అవ్వా."

"నేనిట్లున్ననా! థూ." తర్వాత మళ్ళీ చూసింది. వేలితో ఒక్కొక్కరినీ తాకుతూ ఇంటిపేర్లతో సహా చెప్పింది. ఆ పందొమ్మిది మంది ఎవరెవరో నాకు మొదటిసారి తెలిసింది అప్పుడే. "అందరికి ఇస్తవా?"

"ఇస్త."

"అందరికంటె అందరికి. నాకొక్కదానికిచ్చి ఊకుండవు గద?"

"పందొమ్మిది కడిగిస్త అవ్వా. ఎవలది వాళ్ళ చేతుల వెడ్త."

పటాన్‌చెరు స్టూడియోలో పందొమ్మిది కడిగించాను. లక్డారంలో ఎనిమిది ఒక్క పూటలో అయిపోయాయి. ఇస్నాపూర్ గదుల్లో అయిదు. మిగతావాళ్ళు అప్పటికే గదులు ఖాళీ చేసి వేరే పనులకు పోయారు. ఒకామెకు రెండేళ్ళ తర్వాత పటాన్‌చెరు సంతలో ఇచ్చాను. ఒకామె బొల్లారం వైపు మందుల ఫ్యాక్టరీలో చేరిందని తెలిసి అక్కడికే పోయి గేటు దగ్గర ఇచ్చాను. మా అమ్మాయి సర్టిఫికెట్టు పని మీద జోగిపేట పోయినప్పుడు గాజుల దుకాణంలో ఒకామె ఎదురైంది. ముఖానికి గుడ్డ లేదు. ఆమె నన్ను గుర్తుపట్టకముందే నేను గుర్తుపట్టాను, వెనక వరసలో ఎడమ నుంచి నాలుగో ఆమె. ఎప్పుడూ వెంట ఉంచుకునే ఫొటో చేతిలో పెడితే దుకాణంలో వాళ్ళందరికీ చూపించింది. "గీయనే దీసిండు. ఒక్కలు గూడ పోలే" అంది.

ఇప్పుడు మా అమ్మాయి ఫోనులో పదకొండు వేల ఫొటోలున్నాయి. కావలసింది ఒక్కటి అడిగితే పూటంతా వెతుకుతుంది. నా చిన్న కెమెరాను చూసి నవ్వుతుంది, నవ్వనీ.

అవ్వ ఇంకా లక్డారంలోనే ఉంది, వంగిపోయింది గానీ చూపు బాగానే ఉంది. నేను ఆ దారిన పోయినప్పుడల్లా వాకిట్లోంచి కేకేసి ఒక్కటే అడుగుతుంది, "ఇంకెందరికియ్యాలె కొడుకా?" అని. పోయిన వారం కూడా అడిగింది.

ఇంకా ముగ్గురు.