డాల్డా డబ్బాలో గులాబీ

తడి న్యూస్‌పేపర్లో కాడ చుట్టిన గులాబీ కొమ్మ ఒకటి నిన్న సాయంత్రం నుంచి మా వంటింటి గట్టు మీద అలాగే ఉంది. దానికున్న ఒక్క లేతపసుపు పువ్వు వాసన పోపు వాసనను కూడా లెక్కచేయకుండా ఇల్లంతా తిరుగుతోంది. ఆ వాసనంటే నాకు ఒళ్లు మంట.

భవానీపురంలో మా నాన్నమ్మకు పెద్ద తోట ఉండేది. ఏటా క్రిస్మస్ ముందు శనివారం, చామంతులు విరగబూసి, కృష్ణ మీది చలిగాలికి మరువం, దవనం కలిసి గుప్పుమనే రోజుల్లో, గేటు బార్లా తీసి అందరినీ రానిచ్చేది. టికెట్టు లేదు. వచ్చినవాళ్లు తమ ఇళ్లలో వంట చేసినప్పుడల్లా పక్కన తీసిపెట్టిన గుప్పెడు గుప్పెడు బియ్యం తెచ్చి వరండాలో డ్రమ్ములో పోస్తే, అవి అనాథ పిల్లల హాస్టలుకు వెళ్లేవి. మేం పిల్లలం కజ్జికాయలు పంచుతూ, పంచినన్ని తింటూ, ఆ డ్రమ్ములో మోచేతి దాకా చెయ్యి ముంచి చల్లదనం చూసుకుంటూ తిరిగేవాళ్లం.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఆ తోటలో నాదంటూ ఒక మొక్క ఉండేది. డాల్డా డబ్బాలో నేనే నాటి, బియ్యం కడిగిన నీళ్లు పోసి బతికించుకున్న గులాబీ. ఒకటే కొమ్మ, దానికి అప్పుడే విచ్చుకుంటున్న ఒకటే లేతపసుపు మొగ్గ.

ఆ శనివారం మా సండేస్కూల్ టీచరు గారు, దొంగతనం పాపమని మాకు నేర్పిన ఆవిడే, అటూ ఇటూ చూసి ఆ కొమ్మను మొదలంటా విరిచి బైబిలు సంచిలో పెట్టుకున్నారు. కొట్టుకొచ్చిన మొక్కే బాగా బతుకుతుందని మా వైపు ఆడవాళ్లకు గట్టి నమ్మకం. అడిగితే నాన్నమ్మ కాదనేది కాదు, అందుకే అడగలేదు. నేను పరిగెత్తుకెళ్లి అందరి ముందూ చెప్పేశాను.

"నేనా? పిల్ల ఏదో పొరబడిందండీ" అని ఆవిడ నవ్వారు.

నాన్నమ్మ ఆ సంచి వంక ఒకసారి చూసింది. నా భుజం మీద చెయ్యి వేసి, "టీచరు గారికి సారీ చెప్పు" అంది. చెప్పాను.

సాయంత్రం నాన్నమ్మ నాకు జడ వేస్తూ, "నేనూ చూశానే. ఆవిడ వెంటే కదా సగం మంది వచ్చేది. ఆవిడ మొహం చిన్నబోతే వచ్చే ఏడు ఎవరొస్తారు? ఆ హాస్టలు పిల్లలేం తింటారు?" అంది. టీచరు గారి మీద కోపం ఎప్పుడో పోయింది. నాన్నమ్మ మీద ఇవాళ్టికీ పోలేదు. నన్ను అబద్ధాలకోరును చేసి ఆ డ్రమ్ము నింపుకుంది.

ఇప్పుడు నాన్నమ్మ లేదు. తోట ఉన్నచోట అపార్ట్‌మెంట్లు లేచాయి. గుప్పెడు బియ్యం తీసిపెట్టేవాళ్లూ కనిపించడం లేదు. టీచరు గారికి ఒంట్లో బాగాలేదంటే నిన్న చూడటానికి వెళ్లాను. గేటు పక్కన గుబురుగా పెరిగిన పొద నుంచి ఎనభై దాటిన ఆవిడ ఈ కొమ్మ కోసిచ్చారు.

"మీ నాన్నమ్మ గారు తన చేత్తో ఇచ్చిన మొక్కమ్మా. ఆ తోటంతటికీ ఇదొక్కటే మిగిలింది" అన్నారు, నిజంగానే నమ్ముతూ.

కాదండీ అందామని నోరు తెరిచాను. నాన్నమ్మ చెయ్యి ఇంకా నా భుజం మీదే ఉన్నట్టనిపించింది.

"అవునండీ" అన్నాను.

ఇంట్లో ఖాళీ డబ్బా ఉంది, బాల్కనీలో మట్టీ ఉంది. ఆ పేపరు మాత్రం ఇంకా విప్పలేదు.