పై వాటాలో ఏసీ, కింద వాటాలో నేను

మా తోడికోడలు ఏసీ వేసినప్పుడల్లా మా హాల్లో ఫ్యాను నీరసపడిపోయేది. పైన ఏసీ మొదలైన చప్పుడు, ఆ వెంటనే కింద మా ట్యూబులైటు కళ్ళార్పడం. ఫ్యాను రెక్కలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించేవి. "వేశారమ్మా మహారాణిగారు!" అని గోడకి చెప్పుకునేదాన్ని. వినేవాళ్ళు ఎవరున్నారు కనక?

చిక్కడపల్లిలో ఈ ఇల్లు మా మామగారు కట్టించింది. ఆయన కోస్తా నుంచి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆయన పోయాక కింద వాటా మా ఆయనకి, పై వాటా మా మరిదికి వచ్చాయి. అన్నదమ్ములు ఒక్క మాట తూలకుండా ఇల్లు పంచుకున్నారు. కరెంటు సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. గోడల మీద చెక్క పట్టీలు, వాటి మీద ఎప్పటివో వైర్లు, గుండ్రటి నల్ల స్విచ్చులు. కిందటి వేసవికి ముందు పైవాళ్ళు గోడలు చెక్కించి కొత్త వైరింగు వేయించుకున్నారు. ఏసీ వచ్చింది, గీజరు వచ్చింది. స్తంభం నుంచి ఇంటికొచ్చే లైను మాత్రం పాతదే, రెండు వాటాలకీ కలిపి ఒక్కటే. అందుకే వాళ్ళ చల్లదనానికి మా ఫ్యాను మూల్యం చెల్లించేది.

కుళ్ళుకున్నానా అంటే కుళ్ళుకున్నాను. అయితే ఏసీ చూసి కాదు. మా అత్తగారిని చూసి.

ఆవిడ మొదటి నుంచీ మా దగ్గరే ఉన్నారు. కాఫీలో చక్కెర ఎంత వెయ్యాలో, ఏ కూర పడదో, ఏ మోకాలు చలికాలంలో మొరాయిస్తుందో నాకు తెలుసు. ఆ పిల్లకేం తెలుసు? ఎండలు ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం అత్తగారు కళ్ళు తిరిగి గడప మీద కూలబడ్డారు. చల్లటి గదిలో ఉంచమన్నాడు డాక్టరు. అంతే, తోడికోడలు మెట్లు దిగి వచ్చేసింది.

"అక్కా, ఈ ఎండలు తగ్గేదాకా అత్తయ్యని పైకి తీసుకెళ్తాను. అక్కడైతే చల్లగా ఉంటారు" అంది.

కాదంటే రాక్షసినవుతాను. "అలాగేనమ్మా" అన్నాను.

వానలు వచ్చాయి. వినాయకుడి పందిళ్ళు లేచాయి, తీసేశారు. అత్తగారు కిందికి దిగలేదు. "ఎప్పుడొస్తారత్తయ్యా?" అంటే "వస్తాలేవే" అనేవారు. సాయంత్రాలు పైనుంచి ఆవిడ నవ్వు వినిపించేది. నా దగ్గరున్నన్నాళ్ళూ అంత గట్టిగా ఎప్పుడు నవ్వారని? నా ఒళ్ళు మండిపోయేది. ఇది చాలదన్నట్టు, అశోక్‌నగర్లో కోచింగుకొచ్చిన కుర్రాడెవడో వీధిలోంచి కిటికీలోకి చూసి, "ఆంటీ, ఈ రూమ్ కిరాయికి ఇస్తరా? ఖాళీగనే ఉన్నది కదా" అని అడిగాడు. అది మా అత్తగారి గది. వాడి మీద అరిచినంత పని చేసి కిటికీ మూసేశాను.

ఆ రోజే మా ఆయనకి చెప్పేశాను. "మనమూ వైరింగు మార్పించాలి, ఏసీ పెట్టించాలి."

"ఇప్పుడా? చలికాలం వస్తుంటేనా?"

"ఇప్పుడే. మీ అమ్మ మీకు అక్కర్లేకపోతే పోనీ, నాకు కావాలి."

ఆయన మర్నాడే ఎలక్ట్రీషియన్ని పిలుచుకొచ్చారు.

ఎలక్ట్రీషియన్ది పాలమూరు వైపు. దోమలగూడ బస్తీలో ఉంటాడు. ఒక చెక్క పట్టీ ఊడదీసి వైరు వంచి చూశాడు. పైనున్న రబ్బరు పొడిపొడిగా రాలింది. "గిన్ని రోజులు ఎట్ల నడిచిందమ్మా ఇది? ఎర్తింగ్ గూడ లేదు. మొత్తం తీసి కొత్తగ గుంజాలె. స్తంభం కాడికెళ్ళి మీకు లైను గూడ వేరే పెట్టించుకోండ్రి" అన్నాడు. తీసెయ్యమన్నాను. ఇల్లంతా సుత్తుల మోత, అన్నంలో సున్నం. పెరట్లో గొయ్యి తవ్వి, ఉప్పూ బొగ్గూ పోసి ఎర్తింగు పెట్టాడు. ఎండాకాలం రోజూ ఒక బకెట్ నీళ్ళు పొయ్యమన్నాడు. పక్కనే పై వాటావాళ్ళ గొయ్యి కూడా ఉంది. దాంట్లో మాత్రం చుక్క పొయ్యనని అప్పుడే నిర్ణయించుకున్నాను.

స్విచ్చులూ లైట్లూ కొనడానికి నారాయణగూడలో షాపుకి నేనే వెళ్ళాను. షాపతను ఏవేవో చూపించాడు. అన్నీ తోడికోడలి గోడల మీద చూసినవే. "వీటికంటే కొత్తవి లేవా?" అని అడిగాను. అప్పుడు తీశాడు సెన్సారు లైటు. చీకట్లో మనిషి నడిస్తే చాలు, దానంతటదే వెలుగుతుంది. నా ప్రాణం లేచొచ్చింది.

ఎలక్ట్రీషియన్‌కి నచ్చలేదు. "గిది మెట్లకాడ, బాత్రూముల పెడతరమ్మా. హాల్ల ఎందుకు? పోనీ, పక్కకు ఒక స్విచ్చన్న ఇయ్యాల్నా?"

"వద్దు బాబూ. స్విచ్చు ఉంటే ఇంక దాని గొప్పేముంది?"

పని పూర్తయ్యాక గది కడిగి, కొత్త దుప్పటి వేసి అత్తగారిని పిలుచుకొచ్చాను. ఏసీ వేశాను. గోడలు తడిమి చూసి, "బాగుందే, శుభ్రంగా ఉంది" అన్నారు. భోజనం చేసి ఓ కునుకు తీశారు. గెలిచాననుకున్నాను.

సంధ్యవేళ ఆవిడ లేచి కాళ్ళూ చేతులూ కడుక్కుని, కొంగు సర్దుకుని హాల్లోకి వచ్చారు. మా ఇంట్లో సాయంత్రం మొదటి లైటు ఏళ్ళ తరబడి ఆవిడే వేసేవారు. అది వెలగగానే ఎవరు ఎక్కడున్నా ఆగి దణ్ణం పెట్టుకోవాల్సిందే. ఆవిడ అలవాటుగా గోడ దగ్గరికి చెయ్యి చాపారు. ఆ చెయ్యి గోడకి తగలకముందే నెత్తి మీద లైటు భగ్గుమని వెలిగింది.

"ఎవరేశారే?"

"ఎవరూ వెయ్యక్కర్లేదత్తయ్యా! మనం వస్తే చాలు, అదే వెలుగుతుంది. పైన లేదిది!"

"స్విచ్చేదీ?"

"స్విచ్చుతో పనే లేదు."

జోడించబోయిన చేతులు అలాగే కిందికి దించేశారు. సరిగ్గా అప్పుడే పైనుంచి పిలుపు. "అత్తయ్యా, దీపాలవేళయింది! మీరొచ్చి లైటేస్తారని చీకట్లో కూర్చున్నాం!"

ఆవిడ చెప్పుల కోసం చూశారు. నాకు దుఃఖం ముంచుకొచ్చింది. "అక్కడ ఏముందత్తయ్యా, ఇక్కడ లేనిది? ఏసీ కూడా పెట్టించాను కదా!"

"ఏసీ ఎవడిక్కావాలే? మోకాళ్ళు పట్టేస్తున్నాయని రోజూ కట్టేయిస్తున్నాను. నీ దగ్గర కాఫీ నువ్వే, కూర నువ్వే, పక్క దులపడమూ నువ్వే. ఈ లైటొకటి నాకుండేది. పాత స్విచ్చు ఓసారి చేతికి జిల్లుమందని, మీరు ముట్టుకోకండని అదీ లాక్కున్నావు. ఇప్పుడేమో తీసుకెళ్ళి మిషనుకిచ్చావు" అన్నారు. కోపంగా అనలేదు. మెల్లిగా అని మెట్లెక్కి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్నే ఎలక్ట్రీషియన్‌కి ఫోను చేశాను. "మంచిగనే పని చేస్తుంది కదమ్మా, తీసుడెందుకు?" అని అతను విసుక్కున్నాడు. తీయించాను. అత్తగారి చెయ్యి అందే ఎత్తున మామూలు స్విచ్చు పెట్టించాను. పైకెళ్ళి, "అత్తయ్యా, హాల్లో స్విచ్చు పెట్టించాను. మీరొచ్చి వెయ్యాలి" అన్నాను. "ఊఁ" అన్నారు. తోడికోడలు పక్కనే నిలబడి వింది. వినాలనే అన్నాను.

ఆ సాయంత్రం నేను లైటు వెయ్యలేదు. వీధి దీపాలు వెలిగాయి. దోమలు మొదలయ్యాయి. మా ఆయన వచ్చి గుమ్మంలో తడబడ్డారు.

"కరెంటు పోయిందా?"

"లేదు. స్విచ్చు ముట్టుకున్నారంటే ఊరుకోను. కూర్చోండి."

పైనుంచి వెలుతురు పెరట్లో పడింది. ఇక రారేమోనని మెట్ల వైపే చెవి పెట్టి కూర్చున్నాను. చాలాసేపటికి మెట్ల మీద చెప్పుల చప్పుడు అయింది.

"ఇదేం చోద్యమే, ఇంత చీకట్లో కూర్చుంటారూ?" అంటూ ఆవిడ గోడ తడిమి స్విచ్చు వేశారు. ముగ్గురం దణ్ణం పెట్టుకున్నాం. తోడికోడలు భోజనానికి పిలిస్తే, "ఇవాళ కిందే తింటాలే. నా మందులూ దుప్పటీ పంపించు, పడకా ఇక్కడే" అని కేకేశారు. నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను. చిక్కుళ్ళు ఆవిడ ముందు పెట్టి, "ఈనెలు తీసిపెట్టండత్తయ్యా" అన్నాను.

కంచాల ముందు కూర్చున్నాక నోరు ఊరుకోలేదు. "అత్తయ్యా, ఇవాళ ముందు ఎక్కడ వేశారు లైటు?"

"పైన" అన్నారు, అన్నం కలుపుకుంటూ.

ఆవిడ నా పక్కనే కూర్చుని, నేను వండిన కూర కలుపుకుని తింటున్నారు. అయినా నేను, రేపు ఆ మొదటి లైటు కిందే వేయించడం ఎలాగా అని లెక్కలు వేసుకుంటున్నాను.