జైల్లో ఆసు నేర్పిన పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయిందన్న కబురు పోయిన శుక్రవారం పొద్దున, నేను నల్గొండ బస్టాండులో ఉండగా ఫోన్లో వచ్చింది. నిద్రలోనే గుండె ఆగిందట. చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, భయం. సోమవారం జైలు తరగతికి ఎవరు పోతారు?

మాది పోచంపల్లి. ఆమె మా నాయిన అన్న భార్య. అర్ధచంద్రంలా మేకులు దిగ్గొట్టిన ఆసు అనే చెక్క మీద దారాన్ని అటూ ఇటూ పోసి, చీర డిజైనుకు సిద్ధం చేయడాన్ని ఆసు పోయడం అంటారు. మా ఇళ్లలో అది ఆడవాళ్ల పని. ఆ పనినే ఆమె రెండేళ్లుగా జైల్లో ఆడ ఖైదీలకు నేర్పుతూ వచ్చింది. బయటికి వచ్చాక వాళ్లు తమ కాళ్ల మీద నిలబడాలని పెట్టిన శిక్షణ అది. డిగ్రీ చదివి, ఏ ఉద్యోగంలోనూ నెల దాటి నిలవని నన్ను హాజరు రాయడానికి వెంట తీసుకుపోయేది.

మొదటి రోజు గేటు దగ్గర ఫోన్ తీసుకున్నారు, సంచీ తిరగేశారు. వెనక తలుపు మూసిన చప్పుడుకు పెద్దమ్మ కొంగు పట్టుకున్నాను.

"పెద్దమ్మా, వీళ్లల్ల ఎవరేం జేసి వచ్చిన్రో నీకు ఎరికేనా?" అని చెవిలో అడిగాను.

"నాకెందుకే? నేను చేతులు జూస్త, అంతే."

"నాకు భయమైతాంది."

"కానియ్. భయపడుకుంటనే కూసో. లేచి మాత్రం పోకు."

ఆమె ఎవరినీ కేసు గురించి అడగలేదు. తిట్టేది మాత్రం మొహమాటం లేకుండా తిట్టేది. "ఏందే, దారాన్ని గట్ల గుంజుతున్నవ్? మీ అత్త జుట్టనుకున్నవా?" అంటే, "అత్త జుట్టయితే ఇంకింత గట్టిగ గుంజుతుంటి పెద్దమ్మా!" అని అవతలి నుంచి జవాబు. గది గదంతా నవ్వేది. నేను మాత్రం తలుపు ఎంత దూరముందో చూసుకునేదాన్ని.

రంగు అంటకూడని చోట దారానికి రబ్బరు పట్టీలు కడతారు. రంగు ఆరాక వాటిని కోయడానికి ఒక డబ్బాలో ఆరు బ్లేడు ముక్కలు లోపలికి తెచ్చేవాళ్లం. పోయేటప్పుడు ఆరూ చూపించాలి. ఒక రోజు ఐదే ఉన్నాయి.

వార్డర్ మేడమ్ తలుపు మూసి, "లెక్క తేలేదాక ఒక్కరు గూడ కదలొద్దు" అంది. అప్పటిదాకా వాళ్లను చూసి నేను భయపడ్డాను. ఆ రోజు వాళ్ల భయం చూశాను. ఎవరి దగ్గర దొరికితే వాళ్ల మీద ఇంకో కేసు. "డబ్బా పక్కన ఎవరు కూసున్నరు?" అని మేడమ్ నన్నడిగింది. నా వేలు దానంతటదే ఒకామె వైపు లేచింది. కల్వకుర్తి వైపు గొర్ల కాపరుల ఇంటి అక్క ఆమె. డబ్బా పక్కన ఇంకో ఇద్దరు కూడా ఉన్నారు. ఆమె ముంజేతి మీద పెద్ద మచ్చ ఉందని ఆమెనే చూపించాను. అడగకముందే ఆమె రెండు చేతులూ పైకెత్తి నిలబడింది.

"ఆగు బిడ్డా" అంది పెద్దమ్మ. తన కొప్పులో చెయ్యి పెట్టి బ్లేడు ముక్క తీసింది. రెండు చేతులూ ఖాళీగా ఉండాలని ఇంట్లో ఎప్పుడూ అక్కడే దోపుకునేది. "ఇంట్ల అలవాటు మేడమ్. తప్పు నాది. రాసుకోండ్రి."

బస్సులో నేను ఊరుకోలేక, "సప్పుడు జెయ్యక చాప కింద పడేస్తే అయిపోతుండె గదా" అన్నాను.

"అయితుండె. ఆమెనే దాసిందని అందరు అనుకుందురు." కాసేపటికి, "నువ్వు గూడ ఆమెకు ఒక మాట చెప్పాలె" అంది. నేను చెప్పలేదు. ఆ అక్క కళ్లలోకి చూడాలంటే భయం.

ఆ తర్వాత బ్లేడ్లు బంద్ అన్నారు. బ్లేడు లేనిదే తరగతి లేదు. పెద్దమ్మ వారం రోజులు గడపలో కూర్చుని రబ్బరు పట్టీలతో ముడులు వేసింది, విప్పింది, దారాలు పాడుచేసుకుంది. చివరికి కొస పట్టి లాగితే ఊడొచ్చే ముడి కుదిరింది. తరగతి బతికింది.

ఇప్పుడు ఆమె లేదు. ఎవరూ రాకపోతే ఆసులన్నీ మూలకు పెట్టించేస్తామని ఆదివారం జైలు నుంచి ఫోన్ చేశారు. "కర్మ గూడ కాలే. ఒక్కదానివి జైలుకు పోతవా?" అని నాయిన కోప్పడ్డాడు. సోమవారం బస్సెక్కాను. గేటు దగ్గర ఫోన్ ఇచ్చి లోపలికి పోయాను.

కబురు వాళ్లకు ముందే తెలిసినట్టుంది, ఎవరూ ఏమీ అడగలేదు. నేరుగా కల్వకుర్తి అక్క ముందుకు పోయి నిలబడ్డాను. "అక్కా, ఆ రోజు నేను ఉత్తగనే నిన్ను చూపించిన. నాదే తప్పు" అన్నాను. ఆమె నా ముఖం వైపు చూసింది. మళ్లీ తన దారం వైపు తల తిప్పుకుంది.

ఆసు ముందు కూర్చున్నాను. చెయ్యి వణికి, నాలుగో మేకు దగ్గరే దారం తెగింది. ఆ అక్క లేచి నా వైపు వచ్చింది. నేను వెనక్కి జరిగాను. ఆమె మోకాళ్ల మీద కూర్చుని, తెగిన రెండు కొసలు వెతికి, వేలు నాలుకకు తాకించి, మెల్లగా పురి పెట్టింది. ఆ అతుకును అలాగే రెండు వేళ్ల మధ్య పట్టుకుని, నా చెయ్యి కుదురుకునే దాకా కదలకుండా కూర్చుంది.