దమ్మున్న పిల్ల

2022లో, ఉద్యోగ విరమణకు ఏడాది ముందు, నర్మెట్ట దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయునిగా పనిచేస్తున్నాను. మా పీరియడ్ అంటే పిల్లలకు బంతి ఇచ్చి పంపడమేనని చాలామంది అనుకుంటారు. మా తొమ్మిదో తరగతిలో మాత్రం వారానికొకసారి శరీర శాస్త్రం నడిచేది. పరుగెత్తి వచ్చిన పిల్లలు మెడ మీద వేళ్లు పెట్టి పల్స్, అంటే నాడి, చూసుకునేవారు. కాసేపాగి మళ్లీ చూసేవారు. అది ఎంత త్వరగా నెమ్మదిస్తే రికవరీ, అంటే తేరుకోవడం, అంత బాగున్నట్టు.

ఒకరోజు ఆ తరగతిలోని శ్రావణి అందరికన్నా ముందే తేరుకుంది.

"నీ ఎండ్యూరెన్స్ బాగుంది బిడ్డా" అన్నాను.

"అంటే ఏంది సార్?"

"అలిసిపోకుండ శానసేపు ఉరికే శక్తి."

"గట్లంటే దమ్మే కద సార్!" అన్నారెవరో వెనక నుంచి. సరే, అదే రాసుకొమ్మన్నాను. శనివారం జనగామలో జరిగే జిల్లా పరుగు పోటీల ఎంపికలకు శ్రావణి పేరు కూడా ఇచ్చాను.

మరునాడు ఆమె నాయనమ్మ లక్ష్మమ్మ, మనుమరాలి చేయి పట్టుకొని గ్రౌండులోకి వచ్చింది.

"సారూ, పోరికి దమ్మున్నదన్నవట. దీని తాత గదే దమ్ముతోటి పాణం ఇడిసిండు. జనగామ లేదు, గినగామ లేదు. ఉరుకుడు బంద్. దవాఖానకు తోల్కపోత."

మా దగ్గర ఆయాసం జబ్బును కూడా దమ్మే అంటారు. నాకు నవ్వొచ్చింది. శ్రావణి మాత్రం కళ్లనీళ్లు పెట్టుకుంది.

"అక్కా, గది వేరే దమ్ము. ఇది మంచి దమ్ము" అన్నాను.

"దమ్ముల మంచిది సుత ఉంటదా?"

ఇక మాటలతో పని కాదని శ్రావణిని రెండు రౌండ్లు ఉరికి రమ్మన్నాను. రాగానే లక్ష్మమ్మ వేళ్లను పిల్ల మణికట్టు మీద పెట్టించాను. దడదడ కొట్టుకుంటున్న నాడి ఆమె వేళ్ల కిందే నెమ్మదించింది. అయినా నమ్మకం కుదరలేదు.

"ఏది, నువ్వు సుత ఉరికిరా సారూ, సూద్దాం."

పిల్లలు చప్పట్లు కొట్టారు. తప్పలేదు. ఒక్క రౌండుకే నడుము పట్టుకొని రొప్పుతూ నిలబడ్డాను. నాడి నెమ్మదించకపోయేసరికి ఆమె నా మణికట్టు పట్టుకొని ఎంతకీ వదల్లేదు.

"అయ్యో, దమ్ము నీకున్నది సారూ! దవాఖానకు నువ్వు పో. పోరి జనగామకు పోతది."

శనివారం ఎనిమిది వందల మీటర్లలో శ్రావణి రెండో స్థానంలో నిలిచి ఎంపికైంది.

ఆ తర్వాత కొత్త పదం చెప్పినప్పుడల్లా, "దీన్ని మీ ఇంట్ల ఏమంటరు?" అని అడిగాకే బోర్డు మీద రాసేవాణ్ణి. గంటసేపు చెప్పిన పాఠం సాయంత్రానికి ఇంటికి ఒక్క మాటగా చేరుతుంది. ఆ మాట అక్కడ ఎలా వినిపిస్తుందో తెలుసుకోవడం కూడా బోధనలో భాగమే.