ఎదుటి షాపు నుంచి వచ్చిన మార్పు

వీధి వీధంతా ఆయన్ని మార్పుల మావయ్య అంటుంది. అందరికీ ఉచితంగా దొరికే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను ఏ షాపుకు తగ్గట్టు ఆ షాపుకు మార్చి అమ్మడం ఆయన పని. అమ్మినప్పుడల్లా పెన్‌డ్రైవ్‌ను చొక్కా అంచుతో తుడిచి, పసిబిడ్డను అందించినట్టు రెండు చేతులా ఇస్తాడు. "కోడ్ మొత్తం ఇందులోనే ఉంది. ఎవరికైనా ఇచ్చుకోండి, దీని లైసెన్సే అంత." తన పొట్ట తానే కొట్టుకుంటున్నాడని భార్య గొణిగితే, నవ్వుతూ కుర్చీలో గిరగిరా తిరుగుతాడు. ఆ గాలికి ఎండాకాలంలో ఇంట్లో ఫ్యాను వేయరు.

ఒకరోజు మందుల షాపాయన కోపంతో ఊగిపోతూ వచ్చాడు. "నేను కొన్నది ఎదుటి మందుల షాపులో ఎలా ఉందయ్యా?" "ఎవరిచ్చారు?" "మా అల్లుడే, వెర్రిబాగులోడు!" "ఇవ్వొచ్చండీ. నాకూ అలాగే వచ్చింది." "అయితే నీకూ నాకూ చెల్లు!" మావయ్యకు ఉన్నవాళ్లలో పెద్ద ఖాతాదారు ఆయనే. ఆ పూట కుర్చీ తిరగలేదు. వారం తిరక్కుండా ఎదుటి షాపు అమ్మాయి, గడువు ముగియబోయే మందుల్ని ముందే ఎర్రగా చూపించేలా ఆ సాఫ్ట్‌వేర్‌ను మార్చి, మావయ్యను తమ షాపుకు పిలిచి, "మీరూ వాడుకోండి బాబాయ్" అని కోడ్ ఇచ్చింది. మావయ్య రోడ్డు దాటి, మూతి ముడుచుకున్న షాపాయన కంప్యూటర్లోనే దాన్ని పెట్టాడు. తెరనిండా ఎర్రగీతలు! షాపాయన గుడ్లు తేలేశాడు. "ఎవరి తెలివయ్యా ఇది?" "అంతా మీ అల్లుడి చలవేనండీ" అంటూ మావయ్య ఆ షాపు కుర్చీలోనే గిర్రున తిరిగాడు.